నాలుగింటికి కనబడే పేరు

పురపాలక కమిషనర్ గారి సముఖమునకు,
ఘంటసాల కాపురస్తుడు, కొయ్య చెక్కడం పనివాడు నతానియేలు వ్రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: ఆఫీసు గోడ మీది టేకు ముద్రను తీయవద్దని, మేనేజరు నాగేంద్రబాబు గారిని బదిలీ చేయవద్దని కోరుట గురించి.

1. పట్టణ ముద్రను టేకు పలక మీద ఉబ్బెత్తుగా చెక్కే పని మా నాన్న జ్ఞానయ్య గారికి ఇచ్చియున్నారు. ఓడ, వరికంకులు పూర్తిచేసి, చేప తోక దగ్గర ఆయన ప్రభువునందు నిద్రించినారు. మిగతాది నేను చెక్కితిని. మొదట ఉలి పెట్టినవారి పేరు పలక మీద ఉండడం మా ఇంటి ఆచారం గనుక, అడుగున వేలెడంత జాగాలో ఆయన పేరు చెక్కితిని.

2. మేనేజరు గారు చూసి, "ఇది ఆఫీసు ముద్రయ్యా, మీ సమాధిరాయి కాదు. ఆ పేరు లేపెయ్" అన్నారు. స్టాఫ్ అందరి ముందు, నా ఉలితో నా చేతనే తీయించినారు. నవ్వినవారు ఎవరెవరో నాకు గుర్తున్నది. తీసినచోట పల్లం పడితే "అడుగంతా అలలు చెక్కెయ్" అన్నారు. ఆజ్ఞ శిరసావహించితిని.

3. ఉబ్బెత్తు పనికి ఎదుటి వెలుతురు గుడ్డిది. పక్క వెలుతురుకే నీడలు లేస్తాయి. ట్యూబ్‌లైటులో అవి అలలే. సాయంత్రం నాలుగింటికి పడమటి కిటికీ ఎండ పడితే ఆ నీడలన్నీ కలిసి మా నాన్న పేరవుతాయి, ఈసారి మూరెడు పొడవున. మేనేజరు గారి కుర్చీ సరిగ్గా ఎదురుగా ఉన్నది.

4. తీసెయ్యమని వారు మళ్ళీ కబురు పంపినారు. గోడకెక్కిన ముద్ర మీద గీత పడినా కేసేనని నాకు చెప్పినది వారే గనుక, నేను వెళ్ళలేదు.

5. అందుచేత వారు బదిలీకి పెట్టుకున్నట్లు తెలిసినది. వారికి సర్వీసు ఇంకా నాలుగేళ్ళున్నది. ఆ నాలుగేళ్ళూ వారు ఆ కుర్చీలోనే కూర్చోవాలి. అయ్యా, నాకు కడుపు మండుతున్నది. క్షమించమని పాస్టరు గారు చెప్పినారు. క్షమిస్తాను, వారు రిటైరయ్యాక.

కావున తమరు దయతో, వీలైతే సాయంత్రం నాలుగింటికి, చిత్తగించవలెను.

తమ విధేయుడు,
నతానియేలు
తండ్రి పేరు: జ్ఞానయ్య (ఇక్కడైనా కొట్టివేయరాదు)

తా.క.: కిటికీకి పరదా కట్టించారటండీ. మీ ఆఫీసు ఊడ్చే సుబ్బరత్నమ్మత్తకి మా నాన్నంటే గౌరవం. రోజూ మూడున్నరకల్లా ఆ పరదా ఉతకడానికి తీసేస్తోంది. ఆవిణ్ణి కూడా బదిలీ చెయ్యకండి.