గులాబీల మీద బూడిద

గురువారం

నా గులాబీ ఆకుల మీద తెల్లగా బూడిద. తుడిచినా మర్నాటికి మళ్ళీ ఉంటోంది. మా తోడికోడలే నీళ్ళ పొయ్యిలోంచి తెచ్చి చల్లుతోందని వారం రోజులుగా నా అనుమానం. అడిగే ధైర్యం లేకపోయింది.

ఈ రోజు ఒక కొమ్మ పట్టుకెళ్ళి కడియంలో నర్సరీ ఆయనకు చూపించాను.

"ఇది బూడిద తెగులండి. కుండీలు ఇరికించి పెట్టుంటారు, గాలాడాలండి. పట్టిన ఆకులు కోసేసి, గంధకం పొడి నీళ్ళలో కలిపి కొట్టండి" అన్నాడాయన.

అనవసరంగా అక్కను అనుమానించానని సిగ్గేసింది. ఇంటికొచ్చి, ఎవరికీ ఏమీ చెప్పకుండా కుండీలు ఎడంగా జరుపుతున్నాను. అక్క గుమ్మంలోంచి నవ్వుతూ, "నీ మొక్కల మీద బూడిద చల్లేది నేను కాదే చెల్లీ!" అంది.

ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు. చీరల కింద దాచుకునే ఈ డైరీలోనే రాశాను.