అమ్మ పెట్టిన ఎర్రంచు చీరలు

సికింద్రాబాద్, హాస్టలు
1949 ఫిబ్రవరి, ఆదివారం రాత్రి

పోలీసు యాక్షన్ అయి ఐదు నెలలవుతున్నా, నా గదిలో ఉండే రాహేలుకి మా బెజవాడ ఇంకా పరాయి దేశమే. నిన్న తననీ, మా ట్రెయినింగ్ క్లాసులో మరో ఇద్దరినీ మా ఇంటికి తీసుకెళ్ళాను. కృష్ణలో కాళ్ళు పెట్టి, "మీ దేశంల నీళ్ళు మస్తున్నయే" అంది రాహేలు.

అమ్మ నలుగురికీ ఒకే రకం ఎర్రంచు చీరలు పెట్టింది. కొత్త బట్టకి రెండు రాష్ట్రాల సరిహద్దులో ఇంకా సుంకం పడుతుంది కదా, అందరూ చేసే పనే మేమూ చేశాం. అవే కట్టుకుని ఈ పొద్దున రైలెక్కాం. పెట్టెంతా గంజి వాసన. రాహేలుకి అబద్ధం రాదు, అదే దారంతా నా గుబులు.

సుంకం అధికారి సరిగ్గా మా ముందే ఆగాడు.

"ఏందమ్మా, నలుగురికి ఒక్కటే తీరు చీరలా? కొత్తవేనా?"

"కొత్తవే సార్. వీళ్ళమ్మ పెట్టింది" అంది రాహేలు, నన్ను చూపించి.

ఆయన నవ్వాడు. "తల్లి పెట్టిన చీరకు సుంకమేం తీస్కుంట, కానియ్యండి." కదలబోతూ నన్నడిగాడు, "నీదే ఊరు బిడ్డా?"

"సికింద్రాబాద్ సార్."

ఆయన చీరల సంగతి వదిలేశాక ఇంక భయం కూడా లేదు. అయినా నోట్లోంచి అదే వచ్చింది.

ఇందాక పడుకోబోతుంటే రాహేలుని అడిగాను, నేను అబద్ధమాడానా అని.

"ఏం అబద్ధమే? నిజమే కద" అంది.

తనకి అబద్ధం రాదు. అమ్మకి మాత్రం ఈ సంగతి రాయను.