మూడోసారి అనేదాకా

నాయనా,

నువ్వు పోయాక వచ్చిన మొదటి కోతపండుగ ఇవాళ. చర్చిలో కానుకలు వేలం వేసేటప్పుడు నువ్వు బల్ల మీద కొట్టే గుర్రం బొమ్మ రాగి పైసా, నీ చొక్కా జేబులోనే ఉండిపోయి నీతోపాటే సమాధిలోకి పోయింది. అలాంటిదే ఒకటి పోయిన వారం ఫోన్లో వేలానికి వచ్చింది. ఎంతైనా సరే పాడదామనుకున్నాను. కానీ, "మూడోసారి అనబోయేదాకా గమ్మునుండరా, ముందే నోరు తెరిస్తే రేటు పెరగతాది" అని నేర్పింది నువ్వే. గుమ్మడికాయైనా కోడిపుంజైనా ఆ చివరి పిలుపు ముందు కాసేపు ఆగి, నా వైపు చూసేవాడివి.

అలాగే గమ్మున కూర్చున్నాను. తెర మీద వేలం గడువు చూపించే గడియారం సున్నాకొచ్చి ఆగిపోయింది. పైసా ఇంకెవరికో పోయింది.

"ఏంది, పాడకుండా చూస్తా కూచున్నారు?" అని నీ కోడలు అడిగింది.

"ఇంకా మూడోసారి అనలేదు గదా."

"ఫోన్లో ఎవురంటారు?" అనింది.



ఈపాటికి ఉదయగిరి చర్చిలో నీ బల్ల దగ్గర ఎవరో నిలబడి మూడోసారి అంటూ ఉంటారు. నేను ఆత్మకూరులోనే ఉండిపోయాను నాయనా. బస్సెక్కలేదు.