కురమిత్సు మాస్టారి చుక్కలు

క్యోటో

మిఫుయు అక్కా,

ఈ ఏడాది నాకు పట్టా రాకపోవచ్చు. ఎందుకో చెప్తాను, నవ్వకుండా చదువు.

నా థీసిస్ మీద సంతకం పెట్టాల్సిన మహానుభావుడు మా కురమిత్సు మాస్టారు. ఒక పాత కవితల రాతప్రతిలో అక్షరాల పక్కనున్న నల్లచుక్కలు కవి పెట్టిన రహస్య గుర్తులని ఆయన సిద్ధాంతం. ఫోటోలు మాత్రమే చూసి ఏళ్ల తరబడి పాఠం చెప్పారు. నా థీసిస్‌లో సగం ఆ చుక్కల మీదే నిలబడింది.

నిన్న లైబ్రరీలో ఉంగరాలు తీసి, చేతులు కడుక్కుని, అసలు పుస్తకం ముందు కూర్చున్నాం. మన జపాన్ పాత పుస్తకాల్లో ప్రతి కాగితాన్నీ మడత బయటికి ఉండేలా మడిచి, అంచులు కలిపి కుడతారు కదా, సంచిలా ఉండే ఆ మడత లోపలికి నేనొక తెల్లకాగితం దూర్చాను. చుక్కలన్నీ తెల్లబడ్డాయి. అది సిరా కాదక్కా, పురుగు తిన్న కన్నాలు! మడత లోపలి చీకటే ఇన్నాళ్లూ వాటిలోంచి నల్లగా కనిపించింది.

"ఇన్నాళ్లూ పురుగు భోజనానికి వ్యాఖ్యానం రాశామా మాస్టారూ?" అని నోరు జారాను.

ఆయన పుస్తకం మీదికి వంగి చూశారు. "ఆ కాగితం తీసెయ్ అమ్మాయ్."

"తీస్తే మళ్లీ నల్లగా కనిపిస్తాయండీ."

"అందుకే తీయమంటున్నా."

నేను తీయలేదు. ఈ పొద్దున థీసిస్‌లోంచి ఆ సగం మాత్రం తీసేశాను.

నీ చెల్లి