పత్తిపువ్వు రంగు గది

జమ్మికుంట,
ఆదివారం పగటీలి.

నా బిడ్డ యుమ్నాకు,

అమ్మీ సలాం, బోలెడన్ని దువాలు. పైవాని దయతోని నేను మంచిగున్న. నాందేడ్‌ల నువ్వు, అల్లుడు, చిన్నది సుఖంగున్నరని తలుస్తున్న. ఇక్కడ చలి మొదలైంది. మార్కెట్ యార్డుకు పత్తి లారీలు ఒకదాని ఎనుక ఒకటి పోతున్నయి. వాటి మీదికెళ్లి లేచిన దూది మన సందుల దాక వస్తది. పొద్దున కిటికీ తీస్తే ఎండల తెల్లగ తేలుకుంట ఉంటది, ఎటు పోవాల్నో దానికే తెల్వనట్టు. నేను చాయ్ గిలాస పట్టుకొని దాన్నే చూసుకుంట కూసుంటున్న. గిట్ల ఏ పనీ లేకుండ కూసునుడు నాకు ఈ మధ్యనే అలవాటైంది.

ఫోన్ల చెప్పొచ్చు గద, ఉత్తరమెందుకు అంటవేమో. ఫోన్ చేస్తే ఒకదిక్కు చిన్నది గుంజుతది, ఇంకోదిక్కు అల్లుడు సలాం చెప్తడు, నేను అనుకున్నది నాలిక మీదనే ఆరిపోతది. నువ్వు హాస్టల్ల ఉన్నప్పటి సంది మనకు రాసుకునుడు అలవాటే. నాకొచ్చిన గీ నాలుగు తెలుగక్షరాలు నీకోసమే ఉంచుకున్న.

పోయిన ఉత్తరంల నువ్వు మూడు సంగతులు అడిగినవు. ఇల్లు కురుస్తుందా అన్నవు. గోడలకు తెల్లరంగు ఏస్తే గది పెద్దగ కనపడుతది గద, పసుపెందుకు ఏసినవ్ అన్నవు. ఇంక నేను పంపిన ఫోటో చూసి, కిటికీ కింద గా గద్దె బలే ఉంది, ఎవరు చేసిన్రు అన్నవు. మొదటి రెండింటికి ఇప్పుడే చెప్తా. మూడోదానికి జర ఓపిక పట్టు.

ఇల్లు కురుస్తలేదు. రేకులు తీసి కొత్తయి ఏయించిన. ఇది మీ అబ్బా పత్తిగింజలు పోసుకున్న గోదామే గద, గోడలు గట్టివి. కిరాయికున్నోళ్లు ఖాళీ చేసినంక తలుపు తీసి చూస్తే లోపల అంతా చీకటి, బూజు. కానీ పైన దూలాల సందులల్ల మీ అబ్బా నాటి దూది ఇంకా ఇరుక్కొని ఉంది. నేను కింద నిలబడి తలెత్తి చూసిన. ఎంతసేపు చూసిన్నో తెల్వది. గప్పుడే అనుకున్న, గీడనే ఉంటనని.

మీ మామూ ఒద్దన్నడు. "నా ఇంట్ల నీకేం తక్కువైంది, బానో?" అన్నడు. ఏం తక్కువ కాలే బిడ్డా. మీ అబ్బా పోయినంక గిన్నేండ్లు అన్న నన్ను కడుపుల పెట్టుకొని చూసుకున్నడు. వదిన ఒక్క మాట అనలే. కానీ వంటింటి పక్కన బియ్యం బస్తాల నడుమ నా మంచం. గోడకు ఒక మేకు కొట్టాలన్నా అడగాలె. అడిగితే వాళ్లు కొట్టుకొమ్మనేటోళ్లే. నేనే అడుగలే. అంతకుముందు అత్తగారింట్ల ఉన్న, అంతకుముందు మా బాబా ఇంట్ల. నాకు ఏ రంగు ఇష్టమో నా యాభై ఏండ్లల్ల ఎవరూ అడగలే, నేనూ ఆలోచించలే.

అందుకే రంగు ఎంచుకునుటానికి చానా పరేషాన్ అయిన. దుకాణంల రంగుల పుస్తకం తిరగేస్తే కండ్లు తిరిగినయి. గప్పుడు మన పక్కింటి అనసూర్య వాళ్ల చేనుకు తీసుకపోయింది. పత్తి పూత మీద ఉంది. ఇయ్యాల పూసిన పువ్వు లేతపసుపు, వెన్నపూస లెక్క. నిన్న పూసింది అదే కొమ్మకు గులాబీ రంగుకు తిరిగి ముడుచుకుంది. ఒక్క పువ్వే గిట్ల రంగు మారుతదని చిన్నప్పటి సంది చూస్తున్న గని, గా రోజు మొదటిసారి చూసినట్టనిపించింది. రెండు పువ్వులూ తెంపి కొంగుల పెట్టుకొని దుకాణానికి పోయిన. పోయేసరికి రెండూ వాడిపోయినయి. దుకాణమాయన నవ్విండు. "పువ్వు తెచ్చి రంగు అడిగినోళ్లు మీరే మొదలమ్మా" అని, కలిపి కలిపి చూపిచ్చిండు. ఇది కాదు, ఇది కాదు అనుకుంట అనసూర్య, నేను పగటి దాక ఆడనే ఉన్నం.

ఇప్పుడు మూడు గోడలు పసుపు, కిటికీ గోడ ఒక్కటి గులాబీ. పొద్దుగూకే ముందర ఎండ ఏటవాలుగ పడితే మూడు గోడలు కూడ మెల్లగ గులాబీకి తిరుగుతయి. గా కాసేపు నేను ఇంట్ల ఉన్ననా, పువ్వుల ఉన్ననా తెల్వది. తెల్లరంగైతే గది పెద్దగ కనపడుతుండె కావొచ్చు బిడ్డా. నాకు పెద్దగది ఒద్దనిపించింది.

ఇగ మూడో సంగతి.

మంచాలు, దివాన్ చేయించాలని అడిగితే, స్టేషన్ రోడ్డుల సోఫాల పని చేసే జియావుల్లా సాబ్‌ను పంపిన్రు. ఆయన ఊరు ఇచ్చోడ. భార్య పోయి చానా ఏండ్లయింది, పిల్లలు లేరు. పని కోసం ఈడికొచ్చి ఈడనే ఉండిపోయిండు. మొదటిరోజు టేపు పట్టుకొని గది కొలుచుకుంట కొలుచుకుంట కిటికీ దగ్గర ఆగిండు. దూరంగ కాగజ్‌నగర్ దిక్కు పోయే రైలు కనపడుతది ఆడికెళ్లి.

"ఆపా, ఈడ మంచం ఒద్దు. కూసునేటందుకు గద్దె చేస్త" అన్నడు.

"ఎవరు కూసుంటరు? నాకు పని ఉంటది" అన్న.

"పని లేనప్పుడు మీరు ఏడ కూసుంటరు?"

పని లేనప్పుడు అనేది నా బతుకుల ఎప్పుడొచ్చింది గనుక? చేయమన్న.

గద్దెకు కట్టె ఆయనే తెచ్చిండు. ఇచ్చోడల రోడ్డు వెడల్పు చేసినప్పుడు వాళ్ల నాయన ఇల్లు పోయిందట. తలుపు ఒక్కటి మిగిలింది, పాత టేకు. ఎవరు అడిగినా ఇయ్యక ఇన్నేండ్లు దుకాణం ఎనుక పెట్టుకున్నడు. అది తెచ్చి కోస్తుంటే నాకు భయమైంది. "గింత ప్రేమగ దాసుకున్నది నాకెందుకు పెడుతున్నరు?" అన్న. రంపం ఆపలే, తలెత్తలే. "తలుపు ఉండి ఏం చేస్తది, ఇల్లు లేకపాయె. కూసునేటోళ్లు ఉంటే గద్దె అయితది" అన్నడు.

పనిల మా ఇద్దరికీ చానా కొట్లాటలైనయి. ఆయన పైన తెల్లని అట్టల సీలింగ్ కొడ్తనన్నడు, దూలాలు కనపడకుండ. నేను ఒద్దన్న. ఆ దూది ఎవరిదో చెప్పిన. గప్పుడు నిచ్చెన ఎక్కి, దూది కదలకుండ దూలాలకు ఒట్టి నూనె గుడ్డ పెట్టి తుడిచి దిగిండు. ఇంకోనాడు పరదాలకు మెరూన్ మఖ్మల్ తెచ్చిండు. "ఫంక్షన్ హాల్ లెక్క ఉంటది సాబ్" అని నవ్విన. నా పాత మల్‌మల్ దుపట్టాలు, అనసూర్య పాత చీరలు కలిపి కుట్టి కట్టినం. గాలి వస్తే ఆకుపచ్చ, నీలం, నారింజ నీడలు గోడ మీద ఈదుతయి. ఆయన వచ్చి చూసి చేతులు కట్టుకొని నిలబడ్డడు. "పరదా అంటే కప్పుడే అనుకున్న ఇన్నొద్దులు" అన్నడు.

ఒక సంగతి నాకు ఆలస్యంగ తెలిసింది. మొదలు నన్ను ఆపా, ఆపా అని అక్కను పిలిచినట్టు పిలిచేటాయన, కొన్నిరోజుల సంది ఏమీ పిలుస్తలేడు. పిలుపు లేకుండనే మాట్లాడుతుండు. నేను కూడ ఏమీ పిలుస్తలేను.

పని అయిపోయింది. అయినా ఆయన ఒకసారి గద్దె కింది సొరుగు బిగుసుకుందేమో చూస్తనని వచ్చిండు, ఇంకోసారి స్క్రూలు బిగిస్తనని వచ్చిండు. తరువాత బిగించుటానికి స్క్రూలు లేకపాయె. రాలే. నేను గద్దె మీద కూసుంటే రైలు పోతది, దూది తేలుతది, గోడలు రంగు మారుతయి. అన్నీ ఉన్నయి. అంత అందమైన గదిల నాకు ఊపిరాడలే యుమ్నా.

ఇప్పుడు చెప్పేది నవ్వకుండ చదువు. ఒకరోజు కత్తెర తీసుకొని గద్దె మీది పరుపు కుట్టు నేనే విప్పిన. పిగిలిందని కబురు పంపిన.

పగటీలి వచ్చిండు. తలుపు బార్లగ తీసుంది, అనసూర్య అరుగు మీద మిషిన్ కుడుతుంది. ఆయన పరుపు చేతుల పట్టుకొని కుట్టును వేలితోని నిమిరి చూసిండు.

"గిది పిగిలింది కాదు. కత్తెర పెట్టిన్రు" అన్నడు.

"అవును. నేనే పెట్టిన."

"ఎందుకు?"

"మీరు రావాలని."

బయట మిషిన్ చప్పుడు ఆగిపోయింది. నేను ఆగలే. ఆగితే మళ్లా మాట రాదని తెలుసు. "నిఖా చేసుకుందామా?" అన్న. ఆయన కాదు బిడ్డా, నేనే అడిగిన. నీకు అందరు ఇంకోతీరుగ చెప్పకముందే నేనే చెప్తున్న.

ఆయన కింద కూసున్నడు. జేబుల నుంచి సూది, దారం తీసి కుట్టు మొత్తం కుట్టిండు. నేను చచ్చిపోతున్న. ముడి ఏసి దారం పండ్లతోని తెంపి అన్నడు, "వచ్చినప్పుడల్ల అడుగుదామనే వచ్చిన. స్క్రూలు బిగించి పోయిన." బయట అనసూర్య నవ్వు ఆపుకోలేక పొలమారింది.

మీ అబ్బాను మరిచిపోయిన్నని మాత్రం అనుకోకు. ఆయనతోని బతికిన బతుకు నాది. దాంట్ల నువ్వున్నవు. దాన్ని తీసేసి ఆ జాగల ఇంకోటి పెడుతలేను. నాకు ఇంకా బతుకు మిగిలుంది, గంతే. అది ఉందని నాకు గీ గది సదురుకునేటప్పుడే తెలిసింది.

మీ మామూకు చెప్పుటానికి నేనే పోయిన. ఆయన అన్నం తింటుండు. సగంలనే చెయ్యి కడుక్కున్నడు. "ఇల్లు సదురుకుంటనంటే సరే అన్న. గిందుకానే సదురుకున్నది?" అన్నడు. నా మొఖం కూడ చూడలే. వదిన గిన్నెలు తీసుకుంట కండ్లు తుడుచుకుంది, నాకోసమో ఆయనకోసమో తెల్వది. గా మాట ఇంటికొచ్చినంక కూడ చెవులల్లనే ఉంది. పరదాలు మూసేసిన. కొన్నిరోజులు గద్దె మీద కూసోలే. ఎవరింట్లనో దొంగతనంగ ఉన్నట్టనిపిచ్చింది. జియావుల్లా సాబ్‌కు కబురు చేసిన, ఆగుదామని. "ఎన్ని రోజులైనా ఆగుత. వాళ్లతోని తెంపుకొని మాత్రం రావొద్దు" అని చెప్పి పంపిండు.

మొన్న శుక్రవారం జుమ్మా నమాజైనంక తలుపు కొట్టిన్రు. మీ మామూ. నేను గీ ఇంట్లకొచ్చిన కాణ్ణుంచి ఆయన గడప తొక్కలే. టోపీ తీయకుండనే లోపలికొచ్చి చుట్టూ చూసిండు. గోడలు చూసిండు, పైన దూది చూసిండు. ఎండ ఉన్నా గదిల చీకటి ఉందని, పరదాలు ఆయనే ఒక్కొక్కటి పక్కకు జరిపిండు. గద్దె మీద కూసున్నడు. నేను నీళ్లిచ్చిన. తాగి గిలాస చేతులనే పట్టుకొని అడిగిండు.

"నిఖాల నీ దిక్కు పెద్దమనిషిగ, వకీల్‌గ ఎవరిని పెట్టినవ్?"

"ఎవరూ లేరు భయ్యా."

"ఎవరూ లేరా? నేను సచ్చిన్నానే?" అన్నడు.

నేను ఆయన మోకాళ్ల మీద తల పెట్టి ఏడ్చిన. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి, మా చిన్నప్పుడు అన్నట్టే, "పిచ్చిదానా, పిచ్చిదానా" అనుకుంట ఉన్నడు. పోయేముందు ఎట్ల కొట్లాడిండో తెలుసా? పెండ్లి ఖర్చు తనదేనట, దావత్ తన ఇంట్లనే పెట్టాలెనట, ఒద్దంటే మళ్లా రాడట.

వచ్చే నెలల చేద్దమంటున్నరు. నువ్వు ఏ రోజు వస్తనంటే ఆ రోజే పెడ్తం అన్నడు మీ మామూ. అల్లునికి నువ్వే చెప్పు, నాకు సిగ్గయితది. చిన్నదానికి కొత్త గౌను కుట్టి పెట్టిన.

నువ్వు వచ్చి నా పక్కన కూసోవాలె యుమ్నా. ఖాజీ సాబ్ ఒప్పుకున్నరా, కబూలా అని అడిగినప్పుడు నా గొంతు ఆగిపోతే నా చెయ్యి ఒత్తాలె. నీకు ఇష్టం లేకపోతే లేదనే రాయి, దాసుకోకు. చదువుకొని ఏడుస్తనేమో, నీ మీద కోపం మాత్రం పెట్టుకోను. కానీ బిడ్డా, అడిగినప్పుడు "కబూల్" అనే అంట.

ఇట్లు,
నిన్ను కన్న
అమ్మీ