గాలిపెట్టె పంపించు

అమ్మా, మామయ్య గురించి రేడియోలో ఏం విన్నా కంగారు పడకు. ఆస్పత్రిలో ఆయాసం తగ్గిందట.

తప్పంతా నాదే. మంచుబండి ఇంకా వేగంగా పోవాలని, నాన్న వద్దన్నా వినకుండా, ఇంజిన్‌లోకి మంచు పోకుండా ఆపే గాలిపెట్టె పీకేసి చల్లగాలి గొట్టం కొని బిగించాను కదా. నిన్న మామయ్యని వెనక కట్టిన స్లెడ్జిలో పడుకోబెట్టి ఆస్పత్రికి పోయే విమానం దగ్గరికి తీసుకెళ్తుంటే, మంచు కట్టిన నది మధ్యలో ఆ గొట్టం పొడిమంచు పీల్చి గడ్డకట్టింది. బండి ఆగిపోయింది. దుప్పితోలు కింద వణుకుతూ మామయ్య అడిగాడు: "ఏరా, ఇక్కడున్న చలి చాల్లేదా, కొనుక్కొచ్చావు?" తర్వాత చేతి రేడియో తీసి, "చలి కొన్నవాడితో నది మీద ఉన్నా, ఎవరైనా రండి" అన్నాడు. ఊరంతా విన్నది. అత్త తన పాత బండి వేసుకొచ్చి, చర్చి ముందు నుంచే మమ్మల్ని లాక్కెళ్ళింది. పైలట్ ఆగాడు కాబట్టి సరిపోయింది. అత్త తిట్టకుండా వడ్డిస్తుంటే తలెత్తలేకపోతున్నాను.

మన షెడ్డులో వలల వెనక పడేసిన ఆ నల్ల గాలిపెట్టె వెంటనే పంపించు. నాన్న మోకాలు ఎలా ఉంది? మంచు కింద వలకి చేపలు పడుతున్నాయా? చెల్లికి ముద్దులు.

పార్సిలు మీద నా పేరు రాయకు, ఇక్కడెవరూ ఆ పేరుతో పిలవడం లేదు. చలి కొన్నవాడు అని రాయి, తిన్నగా నాకే ఇస్తారు.

నీ తుల్లిక్