లాంతరు తిరిగి పంపమని

గౌరవనీయులైన హనుమయ్య గారికి,

నేను ఆటోనగర్ వెనక సందులో ఉండే అమలమ్మ గారి మనవరాలిని. పోయిన శనివారం కరెంటు ఛార్జీల మీద మీ పార్టీ చేసిన ధర్నాకు మా లాంతరు తీసుకెళ్లారు. "సాయంత్రానికి తెచ్చేస్తా మామ్మా, నీ లాంతరు టీవీలో కూడా పడుద్ది" అన్నారు. టీవీలో చూశాం. లాంతరు ఇంకా రాలేదు.

ఇది ఫిర్యాదు కాదండీ. మీరు అధికారంలో ఉన్నప్పుడు అవతలి పార్టీవాళ్లు కూడా ఇలాంటి ధర్నాకే దీన్ని తీసుకెళ్లారు. ఇప్పుడు వాళ్లను అడిగితే ఈ ఛార్జీలు మీ హయాంలోవే అంటున్నారు. వాళ్లే పెంచారని మీరంటున్నారు. నాకు తెలియదు. నాన్నకు లేత్ పని తగ్గి బిల్లు కట్టలేకపోయాం. సోమవారం ఫ్యూజు తీసేశారు. "నన్ను తిట్టుకోకమ్మా" అన్నాడు లైన్‌మన్.

మామ్మకు చూపు సరిగా ఆనదు. నిన్న చీకట్లో గడప తట్టుకుని పడింది. ఎముక విరగలేదు గానీ, మంచం దిగడానికే భయపడుతోంది. కొవ్వొత్తి పెడితే దోమతెర అంటుకుంటుందని ఒప్పుకోదు. ఫోన్ ఛార్జింగ్‌కి కూడా పక్కింటికే వెళ్తున్నాం.

దయచేసి ఈరోజు చీకటి పడకముందే లాంతరు పంపించండి. మళ్లీ ధర్నా ఉంటే ఇస్తామని మామ్మ చెప్పమంది.

ఇంకొక్క మనవి. మీరు వెలిగిస్తారనుకుని అందులో కిరసనాయిలు నిండా పోసి ఇచ్చాను. ఇప్పుడది ఎక్కడా దొరకడం లేదు. ధర్నా పట్టపగలు జరిగింది కాబట్టి అంతా అలాగే ఉంటుంది. ఒలకకుండా తెమ్మని చెప్పండి.

ఇట్లు,
అమలమ్మ గారి మనవరాలు